నిష్ఫల రత్న

అరవై దాటినవాళ్ళు రోజూ ఇంట్లో వ్యాయామం చేసి తీరాలనీ, అయితే ఆ వ్యాయామం వల్ల చేసినవారికి ఒక్క పనీ కాకూడదనీ మెట్టపాలెం పట్టణంలో రూలు వచ్చిన పూట, మాణిక్యాంబగారు పెరట్లో రుబ్బురోలు ముందు కూర్చుని గారెలకి పప్పు రుబ్బుతున్నారు. ఆవిడకి అరవై ఎప్పుడో దాటింది. రూలు సంగతి ఆవిడకి తెలీదు. రూలుకి మాత్రం ఆవిడ సంగతి తెలిసిపోయింది.

ఈ రూలు ఊరికే పుట్టలేదు. పెద్దవాళ్ళు మూల కూర్చోకుండా ఇంట్లోనే కాస్త ఒళ్ళు వంచితే మోకాళ్ళు పట్టెయ్యవనీ, కాళ్ళు తడబడి పడిపోరనీ, కంటినిండా నిద్ర పడుతుందనీ ఎవరో డాక్టరు ఒక మంచి మాట చెప్పాడు. ఆ మంచి మాటని అమలు చెయ్యడానికి వార్ధక్య గృహవ్యాయామ ప్రోత్సాహక సంస్థ అని ఒకటి పెట్టారు. సంస్థ పెట్టాక అధ్యయనం ఉండాలి కదా, అందుకని పెద్దలు కొందరు విదేశాలకి వెళ్ళారు. అక్కడ ముసలివాళ్ళు ఎంత నడిచినా ముందుకి సాగని పట్టా మీద నడవడం చూశారు. ఎంత తొక్కినా గది దాటని సైకిలు తొక్కడం చూశారు. బరువులెత్తి, ఎత్తినచోటే మళ్ళీ దించడం చూశారు. ఆ ముసలివాళ్ళంతా దుక్కల్లా ఉన్నారు. వీళ్ళందరిలోనూ ఉమ్మడిగా ఉన్నదేమిటా అని తిరుగు విమానంలో పెద్దలు తర్జనభర్జన పడ్డారు. వాళ్ళలో ఒక్కరికీ ఒక్క పనీ కాలేదు. ఆరోగ్య రహస్యం అదేనని ఊరు చేరేలోగా తేలిపోయింది.

ఆ విదేశయాత్ర చేసొచ్చిన పరబ్రహ్మంగారే మెట్టపాలెం శాఖకి సంచాలకులు. ఆయన ఆ రహస్యాన్ని ఒక్క ముక్కలోకి కుదించి పట్టణంలో గోడగోడకీ రాయించారు: "శ్రమించువారికి ఫలము దక్కరాదు. దక్కినచో అది వ్యాయామము కాదు, పని." నిష్కామకర్మ మన నేల మీద పుట్టిందే అయినా దాన్ని ముసలివాళ్ళ చేత చేయించే శాఖ ఇన్నాళ్ళూ లేకపోవడం సిగ్గుచేటని ప్రారంభోత్సవంలో ఆయన కళ్ళు తుడుచుకున్నారు కూడా.

ఆ మర్నాడే పరిశీలకుడు వరహాలరావు మెడలో ఈల వేసుకుని మాణిక్యాంబగారి పెరట్లోకి వచ్చాడు. కుర్రాడేం కాదు, నడివయసువాడు. పొట్ట వల్ల ఈల నిలువుగా వేలాడకుండా బల్లమీద పెట్టినట్టుండేది.

"రండి బాబూ, కూర్చోండి. వేడివేడిగా గారెలు తిని వెళ్దురుగాని," అన్నారావిడ.

వరహాలరావు తేలు కనిపించినట్టు వెనక్కి జరిగాడు. "తమరు ప్రస్తుతం ఆచరిస్తున్న క్రియ ఏమిటండీ?"

"రుబ్బుతున్నాను."

"ఎందుకు?"

"ఎందుకేవిటి నాయనా? గారెలకి."

"చూశారా, చిక్కంతా అక్కడే ఉంది. ఎందుకు అన్నదానికి జవాబుంటే అది వ్యాయామం కాదండి."

"జవాబు లేకపోతేనో?"

"ఉత్తమ వ్యాయామం."

సరిగ్గా ఆ సమయానికి ఆవిడ భర్త శేషగిరిగారు ఇంట్లోంచి గబగబా పెరట్లోకి వచ్చారు. తాలూకా ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి. వచ్చి, రోలు దగ్గర నిలబడి, రోలుకేసి చూసి, చెట్టుకేసి చూసి, బుర్ర గోక్కున్నారు.

"ఏం కావాలండీ?" అన్నారు ఇల్లాలు.

"అదే... ఎందుకో వచ్చాను," అని మళ్ళీ లోపలికి వెళ్ళిపోయారు.

వరహాలరావు కళ్ళు మెరిశాయి. "ఈయన తరచూ ఇలా చేస్తారాండీ?"

"పొద్దస్తమానూ ఇదే బాబూ. హాల్లో ఏదో గుర్తొస్తుంది, వంటింట్లోకి వస్తారు. వచ్చేసరికి మర్చిపోతారు. హాల్లోకెళితే మళ్ళీ గుర్తొస్తుంది."

పరిశీలకుడు పరుగున లోపలికి వెళ్ళి శేషగిరిగారి చెయ్యి రెండు చేతులా పట్టుకుని ఊపేశాడు. "సార్! ఇంత స్వచ్ఛమైన వ్యాయామం ఈ వార్డులో నేనింకెక్కడా చూళ్ళేదు. తమరు దీక్ష విడవకండి!" పెళ్ళయిన నాటినుంచీ ఆ ఇంట్లో ఒక్క మెప్పూ ఎరగని శేషగిరిగారు నిటారుగా నిలబడ్డారు. ఆ రోజునుంచి ఆయన మర్చిపోయి వస్తున్నారో, మెప్పు కోసం వస్తున్నారో ఎవరికీ అంతుపట్టలేదు.

మాణిక్యాంబగారికి మాత్రం తీర్పు వేరుగా వచ్చింది. రోలు ఉంచుకోవచ్చు, తిప్పవచ్చు, తిప్పి తీరాలి కూడా. పప్పు మాత్రం నిషిద్ధం. రోట్లో పప్పు కనబడిందా, రోలు సంస్థ స్వాధీనమవుతుంది.

"ఖాళీ రోలు తిప్పితే పిచ్చిదంటారయ్యా నన్ను," అన్నారావిడ.

"అంటారండి. ఆరోగ్యవంతురాలైన పిచ్చిదంటారు," అని వరహాలరావు సెలవు తీసుకున్నాడు.

ఇక్కడ గోడ సంగతి చెప్పాలి. మాణిక్యాంబగారి పెరటికీ పక్కింటి మహబూబ్ బీ పెరటికీ మధ్య నడుమెత్తు గోడ. ఆ గోడ మీదుగా ఆ ఇద్దరికీ ఎప్పటినుంచో గిన్నెల రాకపోకలున్నాయి. ఇటునుంచి గారెలు వెళ్తే అటునుంచి సేమ్యా పాయసం వస్తుంది, పాయసం గిన్నెలో పులిహోర వెళ్తుంది, పులిహోర గిన్నెలో పరోటాలు వస్తాయి. ఎదుటివాళ్ళ గిన్నె ఖాళీగా తిరిగి ఇవ్వకూడదు. ఏమీ లేకపోతే చిటికెడు పంచదారైనా వేసివ్వాలి. రూలు వచ్చిననాటికి బీ గిన్నె ఇక్కడ ఉండిపోయింది. శనివారం గారెలు వేసి పంపుతానని మాణిక్యాంబగారు మాటిచ్చేశారు. చిటికెడు పంచదారతో సరిపెట్టే స్నేహం కాదది. ఆ గిన్నె వంటింటి గట్టుమీద కూర్చుని తనకేసే చూస్తున్నట్టు ఆవిడకి మనసులో ఒకటే గిజగిజ.

ఈలోగా పట్టణం వ్యాయామంలో మునిగిపోయింది. రిటైర్డు హెడ్మాస్టరు సోమయాజులుగారు నూతిలోంచి బకెట్టు బకెట్టూ చేది, నూతిలోనే పోసేవారు. ఆయన అలవాటుకొద్దీ ఒకసారి ఆ నీళ్ళతో మొహం కడుక్కుంటే వరహాలరావు ఈల వేశాడు. వాకిళ్ళు ఊడ్చేవాళ్ళు ఊడ్చిన చెత్తని జాగ్రత్తగా దాచి మళ్ళీ వాకిట్లోనే జల్లేవారు. ఆడవాళ్ళు పిండి లేకుండా ముగ్గులు వేసేవారు. వట్టి చేత్తో వంగి, చుక్కలు పెట్టినట్టు పెట్టి, గీతలు కలిపినట్టు కలిపేవారు. పరిశీలకుడు లేని ముగ్గు ముందు నిలబడి, "ఈ మూల కలవలేదండీ, మళ్ళీ వెయ్యండి," అనేవాడు. గుడి చుట్టూ ప్రదక్షిణలు చేసేవాళ్ళు గట్టిగా, "స్వామీ, నాకేమీ వద్దు," అంటూ తిరగాలన్నారు. పుణ్యం కూడా ఫలమే కదా మరి. ఒకావిడ ప్రదక్షిణలు మొదలెట్టాక మనవరాలికి సంబంధం కుదిరింది. ఆవిడ అంతవరకూ చేసిన వ్యాయామమంతా రద్దు చేశారు.

మహబూబ్ బీకి పరోటాల పిండి పిసకడం అలవాటు. సంస్థవాళ్ళు ఆవిడకొక రబ్బరు ముద్ద ఇచ్చి పిసుక్కోమన్నారు. "అక్కా, ఎంత పిసికినా ఇది మెత్తబడదు, పులవదు. నా పెద్దాడపడుచులాగుంది," అని బీ గోడ మీంచి మొరపెట్టుకుంది.

మాణిక్యాంబగారి గోల ఇంకో రకం. ఖాళీ రోట్లో పొత్రం తిప్పుతుంటే రాయీ రాయీ రాసుకుని గరగరమని పళ్ళు పులిసిపోయే చప్పుడు. పప్పు ఉన్నప్పుడు చెయ్యి దానంతటదే తిరిగేది, భుజం కూడా కలిసి సాగేది. ఇప్పుడు భుజం పట్టేసింది. పైగా ఆవిడకి కొత్తగా ఒక దిగులు పట్టుకుంది. పొద్దున్న లేవగానే ఇవాళ ఏం రుబ్బాలి, ఎవరికి పెట్టాలి అని ఉండేది. ఇప్పుడు లేచి కూర్చుంటే ఎందుకు లేచానా అనిపిస్తోంది. ఆ మాట భర్తతో అంటే, "భేష్! జవాబు లేదుగా, అదే ఉత్తమం," అన్నారాయన. ఆవిడకి ఒళ్ళు మండిపోయింది.

శనివారం వచ్చింది. గట్టుమీద గిన్నె అలాగే ఉంది. "రూలు గంగలో కలవనీ," అని ఆవిడ నానబెట్టిన పప్పు తెచ్చి రోట్లో పోశారు.

వరహాలరావు సందులో గోడవారగా నిలబడి వీధి వ్యాయామం చెవులతో పరీక్షిస్తున్నాడు. పప్పు పడగానే గరగర ఆగిపోయింది. రోలు మెత్తగా, తృప్తిగా గొంతు దించుకుంది. అంత సుఖమైన చప్పుడు అతను చాలా రోజులుగా వినలేదు. ఈల వేసుకుంటూ లోపలికి దూకాడు.

"పట్టుబడ్డారండీ! ఫలాపేక్ష!"

బండి వచ్చింది, సిబ్బంది వచ్చారు. వచ్చినవాళ్ళంతా కలిసి పట్టినా రోలు లేవలేదు. ఆఫీసు కుర్చీల్లో ఎదిగిన శరీరాలు, నడుం వంగితే తిరిగి లేవడానికి గోడ కావాలి. చివరికి మాణిక్యాంబగారే, "తప్పుకోండి, నడుములు పట్టేస్తాయి," అని కొంగు దోపుకున్నారు. బీ గోడ దాటి వచ్చింది. వాళ్ళిద్దరూ చెయ్యేస్తేగాని రోలు బండెక్కలేదు. రుబ్బిన పిండి అందులోనే ఉంది.

వరహాలరావు చెమట తుడుచుకుంటూ మెచ్చుకున్నాడు. "ఇది మాత్రం అసలైన వ్యాయామమండీ. శ్రమ మీది. ఫలం మాది."

మాణిక్యాంబగారు ఆ మాట విన్నారు. బండి వీధి మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడి, కళ్ళొత్తుకుంటూ లోపలికి వెళ్ళారు.

సోమవారంనుంచి ఆవిడ రోలు కోసం సంస్థ ఆఫీసుకి బయల్దేరారు. తోడుగా బీ. ఆఫీసు మేడమీద. రోలు కింద ఆవరణలో, ఊళ్ళో స్వాధీనమైన తిరగళ్ళు, రోకళ్ళు, చేటలు, చీపుళ్ళ మధ్య ఎండలో కూర్చుని ఉంది. ఆవిడ దాన్ని ఒకసారి చేత్తో తడిమి మేడెక్కేవారు. సారు మీటింగులో ఉన్నారనేవారు. దిగేవారు. వచ్చారంటే ఎక్కేవారు. భోజనానికి వెళ్ళారంటే దిగేవారు. ఇది నా సీటు కాదు, ఆ సీటు. ఆ సీటువారు సెలవు, రేపు రండి. రేపు వస్తే, నిన్న రావలసింది. ఎండాకాలం పోయి వానలు పడ్డాయి. పట్టేసిన భుజం సంగతి ఆవిడ మర్చిపోయారు, కాళ్ళు మాత్రం గట్టిపడ్డాయి. మేడమెట్లు బీ కంటే ముందే ఎక్కేస్తున్నారు.

కిటికీలోంచి ఇదంతా చూస్తున్న పరబ్రహ్మంగారికి ఒకనాడు ఒళ్ళు జలదరించింది. ఎక్కుతోంది, దిగుతోంది, ఎక్కుతోంది, దిగుతోంది. ఏమీ కావడం లేదు. విదేశాల్లో చూసిన పట్టా కళ్ళముందు మెదిలింది. ఆవిణ్ణి లోపలికి పిలిపించారు. ఆ గది తలుపు ఆవిడ కోసం తెరుచుకోవడం అదే మొదటిసారి.

"అమ్మా, తమరు ఈ కార్యాలయ పరిసరాలలో సాగిస్తున్న నిరంతర నిష్ఫల సంచారం ఈ సంస్థ ఆశయాలకు నిలువెత్తు నిదర్శనం. తమకు నిష్ఫల రత్న బిరుదు, బంగారు పూత పతకం ప్రదానం చేయ సంకల్పించాము."

"సంతోషం బాబూ. నా రోలెప్పుడిస్తారు?"

పరబ్రహ్మంగారు జాలిగా నవ్వారు. "అది ఎన్నటికీ కుదరదమ్మా. రోలిస్తే తమ సంచారానికి ఫలం దక్కినట్టవుతుంది. బిరుదు చెల్లదు. తమ గౌరవం కాపాడటం మా బాధ్యత."

"నాకు గౌరవం వద్దు, రోలు కావాలి."

"చూశారా, ఫలాపేక్ష! అది కూడా తీరదు కనుక మరింత పవిత్రం," అని ఆయన చేతులు జోడించారు.

ఆవిడ మెట్లు దిగి వచ్చి రోలు పక్కన చతికిలబడ్డారు. ఇన్నాళ్ళూ ఇవాళ కాకపోతే రేపు అనుకున్నారు. ఇప్పుడు రేపు కూడా లేదు. "బీ, నీ గిన్నె నేనింక ఎలా తీర్చను?" అని బావురుమన్నారు.

బీ ఆవిడ వీపు నిమిరింది. "ఏడవకక్కా. ఆ పొట్టాయన మన పెరట్లో ఏదో అన్నాడు కదా, రోలు ఎక్కించినప్పుడు? ఏవన్నాడూ?"

మాణిక్యాంబగారు ఏడుపు మధ్యలో ఆపేశారు.

సన్మానం నాడు ఆవరణంతా షామియానా వేశారు. కార్యక్రమం ప్రకారం బిరుదు పుచ్చుకున్నాక ఆవిడ తన సొంత రోలు మీద వ్యాయామం చేసి చూపించాలి. పతకం మెడలో పడింది, చప్పట్లు మోగాయి. ఆవిడ వచ్చి రోలు ముందు కూర్చున్నారు. బీ ముందుకొచ్చి తన గిన్నెడు నానబెట్టిన పప్పు రోట్లో వంపింది.

"ఆగండాగండి! పప్పు!" అని వరహాలరావు ఈల అందుకున్నాడు.

"ఏం బాబూ, శ్రమ నాది, ఫలం మీదైతే వ్యాయామమేనని మా పెరట్లో మీరే అన్నారు కదా? వీటిలో నేను ఒక్క గారె కూడా ముట్టనండి. అన్నీ ఆఫీసువారికే."

అందరూ పరబ్రహ్మంగారికేసి చూశారు. ఆయన గోడమీది తన వాక్యం మనసులో చదువుకున్నారు. శ్రమించువారికి దక్కరాదు అని ఉంది. కూర్చున్నవారికి దక్కరాదని ఎక్కడా లేదు. ఈలోగా పొత్రం మెత్తగా తిరగడం మొదలెట్టింది, అల్లం పచ్చిమిర్చి ఘాటు షామియానా అంతా పాకింది. ఆఫీసులో టీ కాచుకునే పొయ్యి మీద బీ మూకుడు పెట్టింది. మొదటి వాయి ఎర్రగా తేలేసరికి సిద్ధాంతం ముందుకి సాగిపోయింది.

"శాస్త్రసమ్మతమే!" అన్నారు పరబ్రహ్మంగారు, ఒక గారె నోట్లోనూ ఒకటి చేతిలోనూ పెట్టుకుని. "ఇన్నాళ్ళూ ఫలాన్ని పారబోశాం. దాన్ని ఇతరులకి చేర్చితే వ్యాయామం రెట్టింపు పవిత్రం! నేటినుంచి పెద్దలు ఏ పనైనా చేసుకోవచ్చు. ఫలం మాత్రం ఇతరులకి చెందాలి!" ఇతరులు అన్నప్పుడు ఆయన చెయ్యి తెలియకుండానే తన గుండెమీదికి వెళ్ళింది. వరహాలరావు మూలగా నిలబడి, ఈల జేబులో పెట్టేసి, రెండు బుగ్గలతోనూ నములుతున్నాడు. ఆ సాయంత్రమే రోళ్ళు, తిరగళ్ళు వ్యాయామ పరికరాలుగా ప్రకటించి ఎవరి ఇళ్ళకి వాళ్ళకి బండ్ల మీద పంపేశారు.

మర్నాడు పెందలాడే పరబ్రహ్మంగారు ఊళ్ళోంచి వచ్చే గారెల పొట్లాల కోసం కిటికీ దగ్గర నిలబడ్డారు. ఏమీ రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. ఊరంతా మాత్రం ఘుమఘుమలాడిపోతోంది. హెడ్మాస్టరుగారు చేదిన నీళ్ళు ఎదురింటి మొక్కలకి వెళ్తున్నాయి, ఎదురింటి ఆవిడ చీపురు ఆయన వాకిట్లో ఆడుతోంది. ఎవరి ముగ్గు వాళ్ళు వెయ్యకుండా పక్కింటివాళ్ళ ముగ్గు వేస్తున్నారు. ఆయన ఆగలేక బండేసుకుని మాణిక్యాంబగారి ఇంటికి వచ్చేశారు. శనివారం అది. గోడమీద నుంచి గారెల గిన్నె అటు వెళ్తోంది, పరోటాల గిన్నె ఇటు వస్తోంది.

"అమ్మా, ఫలం ఇతరులకి చెందాలి కదా?" అన్నారు గుటకలు మింగుతూ.

"చెందుతోంది కదండీ. నాది బీకి, బీది నాకు."

"మరి మేము... మేమూ ఇతరులమే కదండీ?"

ఆవిడకి జాలేసింది. "కాదని ఎవరన్నారు బాబూ? అయితే మా ఇళ్ళల్లో గిన్నె వస్తేనే గిన్నె వెళ్తుంది. మీ ఇంటినుంచి ఏదైనా చేసి పంపండి. మీ చేత్తో మీరే చెయ్యాలి సుమండీ. మీకూ వచ్చే నెల్లో అరవై నిండుతాయటగా."

ఆ మాటకి ఆయన తెల్లబోయారు. ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. అందరికీ తెలుసు.

తరువాతి శనివారం గోడమీద కొత్త గిన్నె ఒకటి వెలిసింది. వరహాలరావు చేతులు కట్టుకుని పక్కన నిలబడ్డాడు. "సారు స్వయంగా చేశారండి. పొద్దుటినుంచి వంటింట్లో నిలబడే ఉన్నారు. చెయ్యి కూడా కాల్చుకున్నారు." గిన్నెలో ఉప్మా. అడుగు మాడింది, పైన పచ్చి రవ్వ, మధ్యలో ఉప్పు ఒకేచోట గుట్టగా పడింది. బీ వేలితో అంటుకుని నాలిక్కి రాసుకుని కళ్ళు మూసుకుంది. మాణిక్యాంబగారు కూడా ఒక పిసరు నోట్లో వేసుకున్నారు. ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని పకపకా నవ్వేశారు. నవ్వీ నవ్వీ గోడ పట్టుకున్నారు.

"పాపం, ఎంత కష్టపడ్డాడో," అంది బీ కళ్ళు తుడుచుకుంటూ. "ఏమీ కాలేదక్కా."

మాణిక్యాంబగారు ఉప్మా పక్కకి తీసి, గిన్నె తోమి, దానిలో ఎర్రటి గారెలు పేర్చారు. మూత పెట్టబోయి ఆగి, లోపలికి వెళ్ళి, నిష్ఫల రత్న పతకం తెచ్చి గారెల మధ్య పెట్టారు.

"ఇది ఆయనకే చెందాలి," అని మూత పెట్టి గిన్నె వరహాలరావు చేతికిచ్చారు.